మొక్కు ముందే తీర్చండి: అమీర్‌పేటకు కొత్తగా వచ్చినవాళ్లకు కొన్ని అడ్డదిడ్డం సలహాలు

హైదరాబాద్ అమీర్‌పేటలో కోర్సుల కోసం బ్యాగుతో దిగిన ప్రతివాళ్లకూ ఒకటే సలహా దొరుకుతుంది. ఊళ్లో బస్సెక్కించిన బాబాయి చెప్పేదీ, హాస్టల్ ఓనరు చెప్పేదీ, మైత్రీవనం ముందు కరపత్రం చేతిలో పెట్టే కుర్రాడు చెప్పేదీ అదే: ముందు సెటిలవ్వు, మిగతావన్నీ తర్వాత. ఆ ‘మిగతా’లో స్నేహాలు, పుస్తకాలు, అమ్మానాన్నలు, ఇంకొకరికి పనికిరావడం అన్నీ వచ్చేస్తాయి. అసలు ఈ బతుకు ఎందుకు అన్న ప్రశ్న కూడా ఆఫర్ లెటర్ వచ్చాకే.

ఈ సలహా విని బాగుపడ్డవాళ్లున్నారు, కాదనను. మణికొండలోనో డల్లాస్‌లోనో ఇల్లు కొని, కారు కొని, పిల్లల్ని మంచి స్కూల్లో వేసి, ఒక రాత్రి ఫోన్ చేసి “అన్నా, ఇప్పుడేం చెయ్యాలో అర్థం కావట్లేదు” అన్నవాళ్లూ ఉన్నారు. ఆ గొంతులు విన్నాకే ఇది రాయాలనిపించింది. కింద చెప్పబోయేవన్నీ మీ ఇంట్లో పెద్దలకు తలతిక్క సలహాల్లా కనిపిస్తాయి. కనిపించనివ్వండి. వీటిలో ప్రతిదాన్నీ నేను నమ్మే చెబుతున్నాను.

లక్ష్యాన్ని గోడకు అంటించకండి

హాస్టల్లో ఏ గదిలోకి వెళ్లినా మంచం పక్కన ఒక కాగితం ఉంటుంది. స్కెచ్ పెన్నుతో రాసిన ఫలానా కంపెనీ, ఫలానా ప్యాకేజీ, ఫలానా నెల. కళ్లు తెరవగానే అది కనపడాలని సెల్లోటేపుతో అంటిస్తారు. దాన్ని తీసేయమంటాను.

ఎందుకో తెలియాలంటే ఈ పేట చరిత్ర కాస్త చూడాలి. 1990ల చివర్లో వైటూకే భయంతో ప్రపంచమంతా పాత ప్రోగ్రాములు దిద్దించుకుంటుంటే ఇక్కడ కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ బోర్డులు లేచాయి. 2000 వచ్చింది, ఏమీ కూలలేదు, దిద్దే పని అయిపోయింది. వెంటనే అమెరికాలో డాట్‌కామ్ కంపెనీలు కుప్పకూలాయి. తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్, టెస్టింగ్ టూల్స్. 2008లో లీమన్ బ్రదర్స్ దివాలా తీస్తే వేల మైళ్ల దూరంలో ఇక్కడి కుర్రాళ్ల ఆఫర్లు ఆగిపోయాయి. ఆ తర్వాత హడూప్, డెవాప్స్, డేటా సైన్స్, ఇప్పుడు ఏఐ. కరెంటు స్తంభం అదే, దానిమీద ఫ్లెక్సీ మారుతుంటుంది. మన విలువను కోర్సు పేరుతో ముడిపెట్టుకుంటే కొన్నేళ్లకోసారి మనం చెల్లకుండా పోతాం. అందులో మన తప్పేమీ ఉండదు, అయినా సిగ్గు మాత్రం మనకే మిగులుతుంది. ప్రాజెక్టు లేక కంపెనీ బెంచ్ మీద కూర్చోబెట్టినవాళ్ల ముఖాలు చూసినవాళ్లకు ఈ సంగతి తెలుసు.

విక్టర్ ఫ్రాంకల్ అని వియన్నాలో ఒక మానసిక వైద్యుడు. నాజీ శిబిరాల నుంచి ప్రాణాలతో బయటపడి 1946లో ఒక పుస్తకం అచ్చు వేయించాడు. జీవితం నుంచి నాకేం కావాలి అని అడగడం మానేసి, జీవితం నన్నేం అడుగుతోందో వినమన్నది అందులోని సారం. తన కోసం ఎవరో ఎదురుచూస్తున్నారనో, తను తప్ప ఇంకెవరూ చేయలేని పని ఒకటి మిగిలి ఉందనో తెలిసినవాడు ఎంతటి కష్టాన్నైనా ఓర్చుకుంటాడని ఆయన శిబిరంలో కళ్లారా చూశాడు. గోడ మీది కాగితంలో ‘నాకేం కావాలి’ తప్ప మరొకటి ఉండదు. అక్కడ ఏదో ఒకటి ఉండి తీరాలనుకుంటే, ఈ వారం మీ కోసం ఎదురుచూస్తున్న మనిషి పేరు రాసి పెట్టుకోండి. ఏ పేరూ తట్టకపోతే మిగతా సలహాలు ముఖ్యంగా మీకే.

మొక్కు ముందే తీర్చండి

ఉస్మాన్‌సాగర్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడి ఉంది. అందరూ వీసా బాలాజీ అంటారు. కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, తీరాక వచ్చి 108 చేయడం అక్కడి ఆనవాయితీ. అంకెలు తప్పిపోకుండా చేతిలో కార్డు పెట్టుకుని గళ్లు కొట్టుకుంటూ తిరుగుతారు. ఇటు అమీర్‌పేటకు పక్కనే బల్కంపేట ఎల్లమ్మ. అమ్మవారు నేల మట్టం కంటే దిగువన బావిలో ఉంటుంది. ఆషాఢంలో కల్యాణానికి ఊరు ఊరంతా కదిలివస్తుంది. ఆ వరుసల్లో నిలబడ్డ పిల్లల్లో చాలామంది మొక్కు ఒకటే, ఉద్యోగమొస్తే బోనమెత్తుతానని.

నా సలహా: 108 ముందు తిరగండి. బోనం ముందు ఎత్తండి. ఉద్యోగం రానీ, రాకపోనీ.

దేవుణ్ని నమ్మనివాళ్లను వదిలేశాననుకోకండి, ఈ సలహా వాళ్లకూ ఉంది. గుడిలో మొక్కనివి కూడా మొక్కులే. మొదటి జీతంతో తాతకు కంటి ఆపరేషన్ చేయిస్తా. నిలదొక్కుకున్నాక ఇంటర్లో మాట పడ్డ స్నేహితుణ్ని కలిసి క్షమించమని అడుగుతా. సెటిలయ్యాక మా ఊరి బడికి ఏదైనా చేస్తా. ప్రతివాళ్ల మనసులో ఇలాంటివి రెండు మూడు ఉంటాయి. ఒక్కోదాన్నీ బయటికి తీసి చూడండి. జీతం అవసరమైనవి ఎన్ని?

తాత కంటి సంగతే చూద్దాం. పంజాగుట్ట నుంచి బంజారాహిల్స్ రోడ్డు నంబర్ 2లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి ఆటోలో వెళ్లొచ్చు. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థ డబ్బు కట్టలేనివాళ్లకు ఉచితంగా వైద్యం చేస్తుంది. శుక్లం ముదిరిన మనిషికి మీ ప్యాకేజీతో పనిలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఊరి నుంచి తీసుకొచ్చి, పేరు రాయించి, చుక్కల మందు వేళకు వేసే మనిషి కావాలి. ఆ మనిషి ఈపాటికే మీరు. ఉద్యోగం కోసం ఆగినన్నాళ్లూ తాత గోడ తడుముకుంటూ నడుస్తుంటాడు. ఒక క్లాసు పోతే పక్కవాడి నోట్సు తీసుకోవచ్చు.

అమ్మకు శ్రమ ఇవ్వండి

“అన్నీ ఇక్కడ దొరుకుతాయి, నీకెందుకమ్మా శ్రమ” అనకండి. దొరుకుతాయి, నిజమే. వీధికి నాలుగు కర్రీ పాయింట్లు, గదిలో రైస్ కుక్కర్, ఏ పచ్చడైనా ప్యాకెట్లో. అయినా అడగండి. ఆర్టీసీ కార్గోలో ఒక అట్టపెట్టె వస్తుంది. మీ పేరు, ఫోన్ నంబరు మార్కర్‌తో రాసి ఉంటాయి, నాలుగు వైపులా ప్లాస్టిక్ తాడు. విప్పితే నూనె ఊరి మెత్తబడ్డ పేపరు, లోపల ఆవకాయ, కారప్పొడి, కవర్లో వేసి ముడేసిన సున్నుండలు. ఒక మూల మీరడగని జలుబు మందు. ఆ పెట్టె సర్దడానికి ఆవిడకు ఒక పూటంతా పట్టింది. ఆ పూట ఆవిడ ఎవరికో అక్కరకొచ్చింది. పిల్లలు బయటికి వెళ్లిపోయిన ఇళ్లలో అలాంటి పూటలు ఎంత తగ్గిపోతాయో మీకు ఇంకా తెలియదు.

నాన్నకు కూడా ఇదే వర్తిస్తుంది. “అంతా బాగుంది నాన్నా” అని ఫోన్ పెట్టేయకండి. మూడో ఇంటర్వ్యూ కూడా పోయిందని చెప్పండి. ఆయనకు జావా తెలియకపోవచ్చు. వరసగా రెండేళ్లు పంట పోయినా మూడో ఏడు విత్తనం కొనడం తెలుసు. ఇంకా ఏమీ అడగాలనిపించకపోతే పప్పులో ఉప్పెక్కువైతే ఏం చేయాలో అడగండి. పెద్దవాళ్ల కోసం సంపాదించి పెట్టడం గొప్పే. వాళ్ల దగ్గర ఏదో ఒకటి అడిగి పుచ్చుకోవడం అంతకు తక్కువేమీ కాదు.

సగం వచ్చింది నేర్పేయండి

పూర్తిగా వచ్చాక నేర్పుదామని కూర్చుంటే అమీర్‌పేటలో ఎప్పటికీ పూర్తిగా రాదు. ఎస్‌క్యూఎల్‌లో జాయిన్లు నిన్న అర్థమైతే ఇవాళ రాత్రి పక్క మంచం మీదున్న పిల్లకో పిల్లాడికో చెప్పేయండి. తప్పు చెబితే రేపు ఇద్దరూ కలిసి దిద్దుకుంటారు. మాక్ ఇంటర్వ్యూకి ఎవరూ దొరక్కపోతే మీరే ఎదురుగా కుర్చీలో కూర్చోండి. పోటీ కదా, వాడికి చెబితే నా ఉద్యోగం వాడికి పోదా అని కన్సల్టెన్సీ దగ్గర ఎవరో భయపెడతారు. ఒక ఉద్యోగం అలా పోయిందే అనుకోండి, పోనివ్వండి.

ఇక్కడ ఒకరు అడ్డం పడతారు. ఇవన్నీ కడుపు నిండినవాళ్ల కబుర్లు, త్రీ షేరింగ్ అద్దె కట్టడానికి అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టినవాడికి బతుకు అర్థమూ పరమార్థమూ ఎందుకు, ముందు నౌకరీ కావాలి అని. నౌకరీ కావాల్సిందే. చదువు మానమని ఎక్కడా అనలేదు. ఉద్యోగం వచ్చేదాకా మనిషిగా బతకడాన్ని ఆపేయమన్న మాటతోనే నా గొడవంతా. తాకట్టు పెట్టిన ఇంటి పిల్లలకే ఆ ఏళ్లు మరీ భారం. వాళ్లకు ఆ రెండు మూడేళ్లూ ఒక్క అంకె కోసం గడిచిపోతే, ఆ అంకె రాని రోజున చేతిలో ఏమీ ఉండదు. హాస్టల్ గదుల్లో కొన్ని రాత్రులు ఎలా ముగుస్తాయో పేపర్లో చదువుతూనే ఉన్నాం. మీకు గానీ మీ రూమ్మేటుకు గానీ అలాంటి ఆలోచన వస్తే ఏ సలహాలూ చదవకండి. కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రి పగలు ఉంటారు.

దండగ పనికి పొద్దు కేటాయించండి

పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఒకప్పుడు నిజాం ట్రస్టు ఎముకల వైద్యం కోసం కట్టించిన ఆస్పత్రి, ఇప్పుడు రాష్ట్రం నలుమూలల నుంచీ రోగులు వచ్చే చోటు. మీ హాస్టల్ నుంచి నడిచిపోయే దూరం. క్లాసు లేని ఒక పొద్దున, పనేమీ లేకుండానే, అక్కడికి వెళ్లి నిలబడమంటాను.

ఏం కనపడుతుందంటే: తెల్ల పంచె, భుజాన తుండు, చేతిలో ప్లాస్టిక్ కవరు పట్టుకున్న పెద్దాయన. కవరులో స్కాన్ ఫిల్ములు, ఊరి డాక్టరు చీటీ, ఆధార్ జిరాక్సులు నాలుగు, రేషన్ కార్డు. వెంట భార్య, ఆవిడే పేషెంటు. తెల్లవారుజామున బస్సు దిగి వచ్చారు. ఓపీ చీటీ ఎక్కడో, ఏ బ్లాకులో ఏ డాక్టరో, ఆరోగ్యశ్రీ కౌంటర్లో ఏ కాగితం ముందు చూపాలో ఆయనకు తెలియదు. వచ్చేపోయేవాళ్ల ముఖాలు చూస్తుంటాడు, అడగాలా వద్దా అని. మీరు అడగండి. “ఎక్కడికెళ్లాలి పెద్దనాన్నా?” అంటే చాలు, కవరు మొత్తం మీ చేతిలో పెట్టేస్తాడు.

ఇక అక్కణ్నుంచి మీకు కొత్త సిలబస్ మొదలవుతుంది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చిన పథకం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆ పథకంలోకి రాని చికిత్స అయితే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ తెచ్చుకోవాలి. ఆస్పత్రి నుంచి అంచనా ఖర్చు కాగితం, ఎమ్మెల్యే లేఖ, ఆధార్ జతచేసి అర్జీ పెడితే, మంజూరైన మొత్తానికి ఆస్పత్రి పేర హామీ పత్రం వస్తుంది. చదువుకున్నవాళ్లకు ఇది ఒక మధ్యాహ్నం పని. చదువురానివాళ్లకు వారం తిరిగే పని, మధ్యలో దళారి చేతిలో పడే పని కూడా. నాలుగు ఫారాలు నింపేసరికి మీకు దారి తెలిసిపోతుంది. ఇంకో నాలుగు నింపేసరికి ఆ వార్డు బయట దుప్పటి పరుచుకున్న మనుషులు మిమ్మల్ని పేరు పెట్టి పిలుస్తారు. రెజ్యూమెలో దీన్ని రాయడానికి ఏ గడీ లేదు. ఇంటర్వ్యూలో చెబితే అవతలివాళ్లు తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్తారు. రక్తం ఇవ్వగలిగే ఆరోగ్యముంటే అదీ ఇవ్వండి. పేషెంట్ల తాలూకువాళ్లు రక్తం కోసం తిరిగేటప్పుడు ఈ చుట్టుపక్కల హాస్టళ్ల కుర్రాళ్లే దిక్కు.

ఒక్క హెచ్చరిక. వాళ్లతో సెల్ఫీలు దిగకండి. వైద్యం గురించి మీకు తోచింది చెప్పకండి. డబ్బు ముట్టుకోకండి, ఎవరైనా దాచిపెట్టమని ఇచ్చినా సరే.

కిందికి దిగే పని అడిగి తీసుకోండి

పైకి ఎక్కేవే పనులని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. ఆ మాటకు ఎదురు నడిచిన ఎస్.ఆర్. శంకరన్ అనే ఐఏఎస్ అధికారి గురించి ఈ తరం పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. తంజావూరు ప్రాంతం మనిషి, పనిచేసింది ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో. ఐఏఎస్‌లు సాధారణంగా కోరుకోని సాంఘిక సంక్షేమ శాఖలో ఆయన మనసుపెట్టి పనిచేశాడు. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చినప్పుడు దాన్ని కాగితం మీద వదిలేయకుండా పల్లెల్లోకి తీసుకెళ్లి వేలాదిమంది పాలేర్లను విడిపించే పని నడిపించాడు. అది పెద్ద భూస్వాములకు రుచించే పని కాదు, ప్రభుత్వంలోనూ చాలామందికి రుచించలేదు. తర్వాత త్రిపురలో నృపేన్ చక్రవర్తి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అక్కడ చీఫ్ సెక్రటరీగా చేశాడు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర నక్సలైట్లు మరికొందరు అధికారులతో పాటు ఆయన్నూ అపహరించారు. బయటపడ్డాక ఆయన అడవి మనుషులకు దూరం జరగలేదు. పదేళ్లకు పౌరస్పందన వేదిక తరఫున ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య హింస ఆగాలని ఊరూరా తిరిగాడు. ఆ కృషి 2004 చర్చలదాకా వెళ్లింది. చివరి ఏళ్లలో పాకీపని నిర్మూలన కోసం సఫాయి కర్మచారి ఆందోళన్‌కు అండగా నిలిచాడు.

పెళ్లి చేసుకోలేదు. జీతంలో, పింఛనులో పెద్ద భాగం దళిత పిల్లల చదువులకు వెళ్లేది. పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నాడు. 2010 అక్టోబరు 7న హైదరాబాద్‌లో పోయాడు. ఆయన్ను తలచుకునేవాళ్లు ఆయన ఎక్కిన పదవుల గురించి ఎక్కువ మాట్లాడరు. కలెక్టరు వస్తే దొరల బంగళాలో దిగడం మామూలైన రోజుల్లో ఆయన ముందు దళితవాడకు వెళ్లేవాడని చెప్పుకుంటారు.

మీరు ఐఏఎస్ కానక్కర్లేదు. రేపు మీకు ఉద్యోగం వచ్చాక ఎవరూ ముట్టుకోని పని ఒకటి ఆఫీసులో ఉంటుంది. హౌస్‌కీపింగ్ అక్కలకు పీఎఫ్ సరిగ్గా పడుతోందా అని చూసే పని, సెక్యూరిటీ అన్నకు సెలవు చీటీ రాసిపెట్టే పని. ప్రమోషన్ రాదు, మేనేజర్ మెచ్చడు. ఆ పని అడిగి తీసుకోండి. ఇంక్రిమెంట్ ఎంత పెరిగిందో పదేళ్లకు మీకే గుర్తుండదు, ఆ అక్క పేరు గుర్తుంటుంది.

శుభమా అని మాట్లాడుకునేటప్పుడు చావు మాట ఎత్తండి

పండక్కి ఇంటికి వెళ్లినప్పుడు, అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు. అవును, అప్పుడే.

నిమ్స్ ఆవరణలోనే జీవన్‌దాన్ కార్యాలయం ఉంది. 2013 నుంచి తెలంగాణలో మరణానంతర అవయవదానం వ్యవహారమంతా అక్కణ్నుంచే నడుస్తోంది. బ్రెయిన్‌డెత్ అయిన మనిషి గుండె, కాలేయం, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు ఎవరికి చేరాలో వరుస ప్రకారం నిర్ణయించేది ఆ వ్యవస్థే. 2021 ఫిబ్రవరి 2న జరిగిన సంగతి చెబుతాను. నల్లగొండ జిల్లా రైతు ఒకాయన ఎల్బీ నగర్ ఆస్పత్రిలో బ్రెయిన్‌డెత్ అయ్యాడు. ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. గుండెను అంబులెన్సులో నాగోల్ స్టేషన్‌కు తెచ్చి, మెట్రోలో ఎక్కించి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు స్టేషన్‌కు పంపారు. అక్కడి ఆస్పత్రిలో ఒక మనిషి బల్ల మీద ఎదురుచూస్తున్నాడు. ఇరవై కిలోమీటర్లకు పైగా దూరాన్ని రైలు ఎక్కడా ఆగకుండా అరగంటలోపే దాటింది. రెండు లైన్లు కలిసే అమీర్‌పేటలో ఏ రైలైనా ఆగాల్సిందే. ఆ రోజు ఆ రైలు ఆగలేదు. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాళ్లలో చేతిలో ఫైళ్లతో ఇంటర్వ్యూకి వెళ్తున్న పిల్లలు ఎందరో ఉండే ఉంటారు. ఏం పోతోందో వాళ్లకు తెలిసే వీల్లేదు.

ఆ రైతు జీవితానికి అర్థం ఆ అరగంటలో మాత్రమే ఉందని నేననను. అంతకుముందే ఆయనకు పొలం ఉంది, ఇల్లుంది, పిల్లలున్నారు. చివర్లో వాళ్లు ఏడుస్తూనే తీసుకున్న నిర్ణయం ఆయన బతికిన తీరులోంచే వచ్చి ఉంటుందని మాత్రం నమ్ముతాను.

జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవడం ఫోన్‌లో కాసేపటి పని. అయితే అసలు కష్టం అక్కడ లేదు. మీరు కార్డు తీసుకున్నా, ఆచరణలో ఆ ఘడియన ఇంట్లోవాళ్లు సరేనంటేనే ఏదైనా జరుగుతుంది. మీ ఇష్టం వాళ్లకు ముందే తెలియకపోతే, ఐసీయూ బయట డాక్టరు అడిగినప్పుడు వాళ్ల నోట సరేనన్న మాట రాదు. కాబట్టి ముందే చెప్పి ఉంచాలి. అమ్మ కోప్పడుతుంది, “నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది, అవేం మాటలు” అంటుంది. నాయనమ్మ లేచి వెళ్లిపోతుంది. ఆ పూటకు మాట మార్చేయండి. మర్నాడు ఇంకోసారి ఎత్తండి, ఈసారి నవ్వుతూ కాకుండా మామూలుగా. రెండోసారికి వింటారు. విన్నాక నాన్న ఉద్దేశమేమిటో, అమ్మ ఉద్దేశమేమిటో కూడా అడిగి తెలుసుకుని, తోబుట్టువులందరికీ చెప్పి ఉంచండి.